ప్రెసిడెంటమ్మ ఫోను

ఆ వేసవిలో కోటేశ్వరమ్మ ఫోను రెండుసార్లు మొరాయించింది. మొదటిసారి పెద్ద నష్టమేమీ జరగలేదు. రెండోసారి మాత్రం ఊరి చివరి బజారులో ఉండే కోటమ్మ కూతురికి నొప్పులొచ్చిన పొద్దు. "పిన్నీ, అంబులెన్సుకి..." అని కోటమ్మ అంటూండగానే ఫోను ఆరిపోయింది. కోటేశ్వరమ్మ చెప్పులైనా వేసుకోకుండా వాళ్ళింటి దాకా పరుగెత్తింది. వెళ్ళేసరికి ఆ పిల్లను ఎవరి ఆటోలోనో ఎక్కిస్తున్నారు. సాయంత్రానికి మగపిల్లాడు పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం. అయినా ఆవిడ మనసు కుదుటపడలేదు.

"నేను పలుకుతాననేగదయ్యా ముందు నాకు చేసింది! పలక్కపోతే నా నంబరెందుకు?" అంది మొగుడితో.

మొగుడు బ్రహ్మయ్య మాజీ ప్రెసిడెంటు. సీటు ఆడవాళ్ళకు రిజర్వు కావడంతో తన బదులు పెళ్ళాన్ని నిలబెట్టాడు. గెలిచాక పంచాయతీ గోడమీద ఆవిడ పేరు రాయించి, కింద తన నంబరే వేయించాడు. ఊళ్ళో అదేం వింత కాదు. గెలిచిన ఏడాది ఎండాకాలంలో, నీళ్ళ ట్యాంకరు రాని రోజున ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఇంటిముందుకొచ్చారు. బ్రహ్మయ్య వినుకొండలో ఎవరిదో పెళ్ళిలో ఉండి ఎవరి ఫోనూ ఎత్తలేదు. మర్నాడే కోటేశ్వరమ్మ తనకంటూ ఒక ఫోను కొనుక్కుని, గోడమీద ఆయన నంబరు మీద సున్నం కొట్టించి, తనది రాయించింది. బ్రహ్మయ్య కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగాడు. తర్వాత అలవాటుపడ్డాడు.

ఆ ఫోనే ఇప్పుడు ముసలిదైంది. అద్దం నెర్రెలిచ్చింది. ఛార్జింగు వైరును పక్కకు వంచి, కదలకుండా దానిమీద అల్లం దంచే రోకలి పెడితేగాని ఎక్కదు.

కోటమ్మ మనవడు పుట్టిన మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ బండిమీద నరసరావుపేట బయల్దేరారు.

"మంచి ఖరీదుగల ఫోను కొంటా. నలుగురిలో బల్లమీద పెడితే, ప్రెసిడెంటమ్మదంటే అట్టుండాలి," అన్నాడు బ్రహ్మయ్య దారిలో.

"ముందు చూపిద్దాం. బాగైతే ఇదే చాలు."

సెల్ షాపాయన పేరు ప్రవీణ్ కుమార్. కొత్తవి అమ్ముతాడు, పాతవి బాగుచేస్తాడు. ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "విప్పి చూడాలమ్మా. టైం పట్టుద్ది," అన్నాడు. సిమ్ము తీసి బ్రహ్మయ్య ఫోనులో వేశాడు.

"నేను కరెంటాఫీసుకెళ్ళి వీధి దీపాల సంగతి కనుక్కొనొస్తా. ఫోనొస్తే ఎత్తు, ఊరికే కట్ చెయ్యబాక," అని చెప్పి కోటేశ్వరమ్మ ఆటో ఎక్కింది.

ఆవిడ అలా వెళ్ళిందో లేదో ఫోను మోగింది. ఊళ్ళోంచి ఇన్నయ్య.

"అక్కా!"

"అక్క లేదురా, నేను. చెప్పు."

"నువ్వా బావా? సరే, మళ్ళా చేస్తాలే."

"ఏందో చెప్పరా! నేనూ ప్రెసిడెంటు జేసినోణ్ణేగా?"

"అదిగాదు బావా. వేలిముద్ర పడక పింఛను ఆగింది. అక్కకైతే సంగతంతా ఎరికే. నీకైతే మళ్ళా మొదట్నించి చెప్పుకురావాలి."

బ్రహ్మయ్యకు చురుక్కుమంది. ఏదో అనబోయేలోపే ఇంకో ఫోను. ఈసారి జాహ్నవి, పక్కవీధి పిల్ల. "పెదనాన్నా, పెద్దమ్మకియ్యవా? టెన్త్‌లో స్కూల్ ఫస్టొచ్చా! మా నాన్నక్కూడా ఇంకా చెప్పలా. ముందు పెద్దమ్మకే చెప్దామని."

ఆ పిల్ల గొంతులో సంతోషం విని ఆయన కోపం ఎటుపోయిందో తెలియలేదు. ఆ తర్వాత కుక్క కరిచిందని ఒకరు, రేషన్ కార్డులో పేరు ఎక్కిందని చెప్పడానికే ఒకరు చేశారు. తను ప్రెసిడెంటుగా ఉన్నప్పుడూ ఫోన్లు బాగానే వచ్చేవి. అయితే పని పడితేనే వచ్చేవి. పనైపోయిందని, మంచి జరిగిందని చెప్పడానికి ఎవరూ చేసిన గుర్తు లేదు.

చివర్న నీళ్ళ ఇంజనీరు చేశాడు. "మేడంగారికి చెప్పండి, కొత్త మోటారు మంజూరైంది, రేపే బిగిస్తాం. దాన్నిగురించి ఆవిడ అడగని రోజు లేదండీ. ఇంతకీ మీరెవరు?"

బ్రహ్మయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నేనాండీ? ప్రెసిడెంటు గారి భర్తనండీ," అన్నాడు. ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదలు. షాపులో నలుగురికీ వినబడేటట్టే అన్నాడు.

కోటేశ్వరమ్మ తిరిగొచ్చేసరికి ఫోను బల్లమీద విప్పి ఉంది.

"బ్యాటరీ, పిన్ను, అద్దం మూడూ మార్చొచ్చమ్మా," అన్నాడు ప్రవీణ్ కుమార్. "కాకపోతే లోపల బోర్డుకి తడి తగిలి తుప్పు పట్టింది. ఇయ్యాళ బాగానే ఉంటది. రేపు మాట మధ్యలో ఆగితే మాత్రం నేను పూచీ పడలేను."

"ఎంతైనా కానీ, బాగుచెయ్యవయ్యా!" అన్నాడు బ్రహ్మయ్య. "ఊరంతా దీంట్లోనే మాట్లాడింది. పారేసేదేంది?"

కోటేశ్వరమ్మ ఆయనవంక వింతగా చూసింది. పొద్దున కొత్తదన్న మనిషి ఈయనేనా! తర్వాత విప్పిన ఫోనుకేసి చూసింది. "మాట మధ్యలో ఆగేది నాకొద్దు. కొత్తయి చూపించయ్యా," అంది.

"మరి బాగుచేయిద్దామన్నావుగా?"

"బాగైతే అన్నా. కోటమ్మ నాకు చేసిందా, ఫోనుకి చేసిందా?"

బ్రహ్మయ్య వెనకంతా నిగనిగలాడేది ఒకటి తీసి చూపించాడు. ఆవిడ దాన్ని పక్కకు పెట్టి, ఒక్కో ఫోనులో సిమ్ము వేయించుకుని రోడ్డుమీదకెళ్ళింది. బస్సుల హారన్ల మధ్య నిలబడి, లోపల్నుంచి మొగుడిచేత మాట్లాడించి విన్నది. మాట గట్టిగా వినబడి, ఛార్జింగు ఎక్కువసేపు నిలిచే నల్లటిదొకటి ఏరుకుంది. లావుగా, మోటుగా ఉందది.

"పాతది ఇంటికి తీసుకుపోదామే," అన్నాడు బ్రహ్మయ్య.

"బీరువాలో పడుండటానికా? ఈ షాపాయనకిస్తే సామానన్నా పనికొస్తది." ఫొటోలూ నంబర్లూ కొత్తదాంట్లోకి ఎక్కించుకుని, "ఎవరన్నా చేశారా?" అని అడిగింది.

బ్రహ్మయ్య ఒక్కటీ వదలకుండా చెప్పాడు, మోటారు సంగతితో సహా. ఆవిడ షాపు బయటికొచ్చి ముందు జాహ్నవికి చేసింది. "ఏమే, స్కూలు ఫస్టా! మీ నాయనకి చెప్పావా? ముందు చెప్పు పో! సాయంత్రం నేనే వస్తా మీ ఇంటికి," అని నడిరోడ్డుమీద అరిచినంత పని చేసింది. చెరుకురసం బండివాడు తిరిగి చూశాడు.

"ఎవరండీ ఆవిడ?"

"మా ప్రెసిడెంటయ్యా," అన్నాడు బ్రహ్మయ్య, మీసం సవరించుకుంటూ.

కోటేశ్వరమ్మ అప్పటికే ఇన్నయ్యతో వేలిముద్రల సంగతి మొదలుపెట్టింది. అది ఇప్పట్లో తెమిలేది కాదు. బ్రహ్మయ్య తొందరపెట్టలేదు. తన బండిని నీడలోకి జరిపి, రెండు గ్లాసుల రసం చెప్పాడు.