జుజునా ఇంటి ముందు ఆగే బండి

సరిహద్దును కనిపెట్టి ఉండే యూరప్ పరిశీలకుల బండి మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి జుజునా ఇంటి ముందే ఆగేది. ఎతేరి ఇల్లు ఆ పక్కదే. అయినా అక్కడ మాత్రం ఏనాడూ ఆగేది కాదు. నీలం కోట్ల వాళ్ళు జుజునా పెరట్లో నవ్వుతూ కాఫీ తాగుతుంటే, ఎతేరి కిటికీ తెర పక్కన నిలబడి పళ్ళు కొరుక్కునేది.

యుద్ధమయ్యాక, అవతలి నేలను ఆక్రమించినవాళ్ళు ఊరి పొడవునా ముళ్ళకంచె వేశారు. అది జుజునా పశువుల కొట్టాన్ని రెండుగా చీల్చింది. ఎతేరికైతే ఆపిల్ తోట మొత్తం పోయింది. తోట చివర ఆమె మొగుడు వాఖ్తాంగ్ సమాధి ఉంది, అదీ పోయింది. ఎవరు ఎక్కువ పోగొట్టుకున్నారో పసిపిల్లనడిగినా చెబుతుంది. కానీ తోట కొండవాలుకు అటు ఉంది, ఫొటోలో పడదు. జుజునా కొట్టం చక్కగా పడుతుంది. కంచె మీద చెయ్యి వేసి ఆవిడ కళ్ళు ఒత్తుకుంటుంటే ఏ దేశం మంత్రికైనా గుండె కరగాల్సిందే.

ఆ వేసవిలో బ్రస్సెల్స్ నుంచి ఒక పెద్దావిడ వస్తోందని కబురు వచ్చింది. యూరప్ విదేశీ వ్యవహారాలు చూసేవాళ్ళలో ఒకావిడట. కలిసేది జుజునానే అని వేరే చెప్పాలా! ఆ మాట చెప్పడానికి వచ్చిన దుబాసీ పిల్ల ఖాతునాని ఎతేరి గుమ్మంలోనే ఆపింది.

"ఆ కొట్టం సంగతి నీకు తెలుసా? దాన్ని కూల్చింది కంచె కాదమ్మా. అంతకు మూడేళ్ళ ముందే మంచు బరువుకి కూలింది."

"నిజమా పిన్నీ?"

"ఊళ్ళో ఎవర్నైనా అడుగు. అంత దూరం నుంచి వచ్చే మనిషికి అబద్ధం చూపిస్తారా మీరు?"

అందులో సగం నిజముంది. మంచుకి పైకప్పు కూలింది, గోడలు నిలిచాయి. ఆ గోడల మధ్య నుంచే కంచె పోయింది. ఆ రెండో సగాన్ని ఎతేరి మింగేసింది. ఖాతునా ఆ మాట పైవాళ్ళకు చేరవేసింది, పెద్దావిడ రాక ఎతేరి ఇంటికి మారింది.

అనుకున్న శుక్రవారం ఎతేరి తెల్లారకముందే లేచి చీజ్ నింపిన ఖాచాపురి రొట్టెలు కాల్చింది, పెళ్ళికి కుట్టించిన గౌను తీసి తొడుక్కుంది. పదకొండింటికి బండ్లు వచ్చాయి. జుజునా ఇంటిని దాటి వచ్చి తన గుమ్మం ముందు ఆగాయి. ఎతేరి ఛాతీ జానెడు పొంగింది.

తెల్లజుట్టు పెద్దావిడ వసారాలో కూర్చుని మెత్తగా అడిగింది. ఖాతునా తర్జుమా చేసింది. "మేమిక్కడ ఉండటం వల్ల మీకేమైనా మేలు జరుగుతోందా?"

నెల రోజులుగా కంఠతా పట్టిన మాటలు ఎతేరికి ఒక్కటీ నోట రాలేదు. ఏడుద్దామనుకుంది, కళ్ళు పొడిగానే ఉన్నాయి. "రెండు వందల చెట్లండీ," అంది. "అంతా ఎర్ర ఆపిలే." పెద్దావిడ తలూపింది. వెనకున్న ఒకతను గడియారం చూసుకున్నాడు. జుజునా అయితే ఈపాటికి అందరినీ ఏడిపించేది కదా అని ఎతేరికి ఒళ్ళు మండింది.

"మా ఆయన సమాధి ఆ పక్కనుంది," అంది చివరికి. "పదేళ్ళయింది చూసి."

పెద్దావిడ లేచి, పక్కనున్న పరిశీలకుడి చేతిలోంచి దుర్భిణీ తీసి తానే ఎతేరి కళ్ళకు పెట్టింది. ఎతేరి తోట కోసం వెతికింది. తోట కనబడలేదు. వాగు గట్టున ఎర్ర తలగుడ్డ కనబడింది. జుజునా! బండి రాదని తెలిసి, బుట్ట పట్టుకుని అడవి రేగుపళ్ళు ఏరడానికి పోయినట్టుంది. ఆమె ఇంకా కంచెకు ఇవతలే ఉంది. అంతలో అవతలి కావలివాళ్ళు ఇద్దరు కంచె తీగెలు ఎత్తి ఇటు దూరారు.

"జుజునా! పారిపోవే!" ఎతేరి అరుపు కొండకు తగిలింది గానీ ఆమెను చేరలేదు. బుట్ట దొర్లింది. ఇద్దరూ ఆమెను చెరో రెక్కా పట్టుకుని అటు లాక్కుపోయారు.

వసారా ఒక్కసారిగా ఖాళీ అయింది. పరిశీలకులు ఫోన్ల మీద పడ్డారు, పెద్దావిడ వాగువైపు నడిచింది. ఖాచాపురిని ఎవరూ ముట్టలేదు. ఎతేరికి మొదట తోచింది ఒకటే: నాకు దక్కిన ఈ ఒక్క రోజూ దానిదే అయిపోయింది. తర్వాత ఆ ఆలోచనకు తనమీద తనకే వెగటు పుట్టింది.

సాక్ష్యం రాసుకోవడానికి ఖాతునా కాగితం తెచ్చింది. "పిన్నీ, జుజునా ఇవతలే ఉండగా చూసింది నువ్వొక్కదానివే. అవతలివాళ్ళు వాళ్ళ నేలమీదే పట్టుకున్నామంటున్నారు."

"ఇవతలే ఉంది. కంచెకు పది అడుగులు ఇవతల. ఇంకోటి కూడా రాయి. కొట్టం గోడల్ని చీల్చింది కంచే. కుళ్ళు కొద్దీ నీకు సగమే చెప్పాను."

"అది ఈ కాగితంలో అక్కర్లేదు పిన్నీ."

"నాకు కావాలి. రాయి."

మూడో రోజు మధ్యాహ్నం జుజునాని వదిలారు. బుగ్గలు లోతుకు పోయాయి, నోరు మాత్రం తగ్గలేదు. ఎతేరి ఆమె మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేసింది. జుజునా దిగ్గున లేచి కూర్చుంది.

"మూడు రోజులు నీళ్ళ చారు తాగించావు కదే నాతో, పాపిష్టిదానా!"

"తిట్టు. ఇంకా తిట్టు."

"ఏడవడం నేర్పమంటే నేర్పేదాన్ని కదా." జుజునా మళ్ళీ దిండుకు చేరగిలబడింది. "జీపులో మీ తోట పక్కనుంచే తీసుకుపోయారు. మా వాఖ్తాంగ్ అన్న సమాధి రాయి నిటారుగానే ఉంది. ఎవరో గడ్డి కూడా కోశారు. అవతలా మనుషులున్నారులే."

 పదేళ్ళుగా ఎతేరి చూడలేనిది జుజునా చూసింది. పట్టుకుపోతే నన్నే పట్టుకుపోవాల్సింది అనుకుంది, మనస్ఫూర్తిగా అనుకుంది. జీవితంలో ఇంతగా ఆమె ఎప్పుడూ కుళ్ళుకోలేదు.

"మళ్ళీ చెప్పు," అంది ఎతేరి, జుజునా చెయ్యి పట్టుకుని. "రాయి ఏ పక్కకు తిరిగి ఉంది? పేరు కనబడిందా?"

జుజునా మొదట్నుంచీ చెప్పసాగింది. వింటుండగానే ఎతేరి కళ్ళు ధారలు కట్టాయి.