రెండువందల ఏడో తప్పు

ఇంకొకరి పనిలో తప్పు పట్టడమంటే నాకు మహా ఇష్టం. మా ఆయన్నడిగితే ఇంకా వివరంగా చెప్తారు. అందుకే పాత సినిమాల్ని శుభ్రం చేసే ఈ ఉద్యోగం నాకు అతికినట్టు సరిపోయింది. రీలు మీద పడ్డ గీతల్నీ, బూజునీ, వేలిముద్రల్నీ కంప్యూటర్లో ఒక్కో ఫ్రేము తెరిచి తుడిచేస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కళ్ళు పోయాయి గానీ పొగరు పోలేదు.

ఆ యేడు మా దగ్గరికి చంద్రమండల యాత్ర మీద యాభై యేళ్ళ కిందట తీసిన సినిమా వచ్చింది. నిర్మాత మనవడు దాన్ని మళ్ళీ విడుదల చేద్దామనుకున్నాడు. గీతలు తుడిస్తే చాలదట, తప్పులు కూడా తీసెయ్యాలట. "ఈ కాలం పిల్లలు చూసి నవ్వకూడదండీ," అన్నాడు. తప్పుల జాబితా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. తప్పుల మాస్టారు ఉండనే ఉన్నారు.

ఆయన హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఈ ఒక్క సినిమాలో తప్పుల్ని వెతికి, వారపత్రికల్లో అచ్చు వేయించి పేరు తెచ్చుకున్నారు. మొత్తం రెండువందల ఆరు. గాలి లేని చోట పేలుడు చప్పుడు వినిపించడం. బరువు తెలియని రాకెట్లో కొవ్వొత్తి మంట బుద్ధిగా నిటారుగా నిలబడటం. నెలవంక రెండు కొమ్ముల మధ్య, అంటే చంద్రుడి ఒంటి మీదే, ఒక చుక్క మెరవడం. రాకెట్ ఎక్కేముందు భార్యతో మాట్లాడుతున్న కెప్టెన్ చేతి గడియారం కుడిచేతికీ ఎడమచేతికీ మూడుసార్లు మారడం. జాబితా ఎక్కడ అచ్చయినా చివర్న ఒకటే వాక్యం: 'ఇంతకు మించి ఈ చిత్రంలో తప్పులు లేవు.' అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అంత ధీమా ఏమిటి మనిషికి?

ఆయన రోజూ పదింటికి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేవారు. మాట తక్కువ. నేను గడియారం చెరుపుతుంటే "ఇంకాస్త ఎడమకి తల్లీ," అనేవారు, అంతే. నాకంటే చాదస్తపు మనిషి ఒకరు దొరికారని లోపల్లోపల సంతోషంగానే ఉండేది. కానీ ఆ చివరి వాక్యం మాత్రం గొంతులో ముల్లులా అడ్డుపడుతూనే ఉంది.

మూడో నెలలో ఒకరోజు, ఆయనింకా రాలేదు. తొమ్మిదో రీలు తెరిచాను. కెప్టెన్ చంద్రుడి మీద ఒంటరిగా నిలబడి భూమిని చూసే షాటు. ఆయన హెల్మెట్ అద్దం మీద సన్నటి గీత ఉంటే పెద్దది చేశాను. అద్దంలో ఒక మూల ఒక అమ్మాయి! స్టూలు మీద కూర్చుంది, ఒళ్ళో నోటుపుస్తకం, భుజం మీంచి ముందుకి జారిన జడ. నలభై ఒక్క ఫ్రేములు. రెండు సెకన్లు కూడా లేదు. జాబితా ఆ చివర్నించి ఈ చివరిదాకా వెతికాను. లేదు.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? మధ్యాహ్నం నిర్మాత మనవడు పని చూడ్డానికి వచ్చేదాకా కడుపులో దాచుకున్నాను. మాస్టారి ఎదురుగానే, పెద్ద తెర మీద ఆ షాటు ఆపి చూపించాను.

"మాస్టారూ, రెండువందల ఏడు," అన్నాను.

మనవడు పగలబడి నవ్వాడు. "తప్పుల మాస్టారి దగ్గరే తప్పు దొరికిందన్నమాట! ఇంతదాన్ని ఎలా వదిలేశారండీ?"

మాస్టారు తెర వంక చూడలేదు. "కనబడలేదు బాబూ. పెద్దవాణ్ణయ్యాను," అన్నారు.

"తీసెయ్యండి మేడమ్. సినిమాతో పాటు వేసే పుస్తకంలో దీన్నే మొదట పెడదాం. ఎవరి నిర్వాకమో కూడా రాయండి, జనానికి సరదాగా ఉంటుంది," అని అతను వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక మాస్టారు మెల్లగా అడిగారు. "పుస్తకంలో రాయకుండా, ఊరికే తీసెయ్యడానికి కుదరదా తల్లీ?"

"ఎందుకండీ, నా పేరొస్తుందనా?" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఆ అమ్మాయి మా ఇంటావిడ," అన్నారు ఆయన.

సినిమా సగం అయ్యాక ఆవిడ కంటిన్యుయిటీ చూడటానికి చేరిందట. ఎవరు ఏ చొక్కా వేసుకున్నారు, గ్లాసు ఏ చేతిలో ఉంది, గుర్తుపెట్టుకుని రాసుకునే పని. అంతకుముందు ఆ పనికి మనిషే లేదు. మొదటిరోజే డైరెక్టరు పిలిచి, "ఫ్రేములో ఏ తప్పున్నా అది నీదే, గుర్తుంచుకో," అన్నాడట.

"ఆవిడ చేరినప్పట్నించీ చూడు. ఒక్క బొత్తాం మారలేదు," అన్నారు మాస్టారు.

నిజమే. జాబితాలో గడియారాలూ చొక్కాలూ అన్నీ ముందు తీసిన సగంలోవే. తర్వాతవన్నీ చప్పుడూ గాలీ చుక్కలూ, సైన్సు తెలియక చేసినవి. మూడు నెలలు అదే జాబితా ముందేసుకుని కూర్చున్నా నా బుర్రకి తట్టలేదు.

"విడుదలైన రోజు హాల్లో ఈ షాటు రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 'నేను కనిపించానండీ' అంది. అప్పటికి మా పెళ్ళై ఆరు నెలలు. మళ్ళీ సినిమా పనికి వెళ్ళలేదు. రెండేళ్ళకి ఎవరో పత్రికకి ఉత్తరం రాశారు, ఈ సినిమాలో మూడు తప్పులున్నాయని. ఆవిడకి అన్నం సహించలేదు. నాలుగోది నేనే, ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటారు అని ఒకటే ఏడుపు. అప్పుడు నాకు తోచింది. ఇంకొకడు వెతికేలోగా మనమే వెతికేద్దాం, మొత్తం జాబితా అచ్చయిపోయాక మళ్ళీ ఎవడు వెతుకుతాడు అన్నాను. నేను చెప్తుంటే ఆవిడే రాసింది. ఆ చివరి వాక్యం కూడా ఆవిడదే."

ఆయన మళ్ళీ అందుకున్నారు. "ప్రతి గురువారం పత్రిక రాగానే ముందు ఉత్తరాల పేజీ తీసేది. పదకొండేళ్ళ కిందట పోయింది. పోయే ముందు వారం కూడా అడిగింది, ఎవరైనా రాశారా అని. లేదన్నాను."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతకాలం ఇద్దరు మనుషులు కాపాడుకున్నదాన్ని నేను ఒక్క పూట గొప్పకోసం బజార్న పడేశాను.

"అది మరక అని చెప్తానండీ. నేనే పొరబడ్డానని చెప్తాను," అన్నాను.

"అతను కళ్ళారా చూశాడుగా. తీసెయ్యి తల్లీ. బతికున్నన్నాళ్ళూ ఆవిడ కోరుకున్నదీ అదే."

చెరపడానికి గంటన్నర పట్టింది. ఆయన కదలకుండా కూర్చుని చూశారు. ఆ అమ్మాయి తల ఎత్తి కెప్టెన్ బెల్టు వంక చూస్తుంది, కిందటి షాటులో ఉన్నట్టే ఉందో లేదోనని. అందర్నీ చూస్తున్న పిల్లని చూసుకునేవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. జడ చెరిపాను. పుస్తకం చెరిపాను. చివరి ఫ్రేములో మొహం చెరిపాను. తర్వాత షాటు నడిపి చూపిస్తే ఆయన "బాగుంది," అన్నారు.

ఇక రిపోర్టు మిగిలింది. ప్రతి తప్పుకీ ఎవరు బాధ్యులో రాసే గడి ఒకటుంటుంది. అలవాటు కొద్దీ టైపు చేశాను: 'కెమెరా విభాగం.'

మాస్టారు ముందుకి వంగారు. "అదేమిటి? కంటిన్యుయిటీ అని కదా రాయాలి. నా మొహం చూసి మార్చకమ్మా."

"మార్చడమేముందండీ? అద్దంలో ఏం పడుతోందో చూసుకోవాల్సింది కెమెరామనే. కెమెరాలో కన్ను పెట్టి చూసేది ఆయనే కదా. కూర్చోమన్న చోట కూర్చున్న పిల్లకి తను అద్దంలో పడుతున్నానని ఎలా తెలుస్తుంది?"

"మరి డైరెక్టరు..."

"కొత్తగా చేరినవాళ్ళని భయపెట్టడానికి అందరూ అనే మాటేనండీ అది. ఇది ఆవిడ తప్పు కాదు. ఎప్పుడూ కాదు."

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మేం ఎవర్నీ అడగలేదు," అన్నారు. "అడిగితే బయటపడుతుందని భయం. ఒక్కరిని అడిగి ఉంటే చెప్పేవాళ్ళంటావా?"

చెప్పేవాళ్ళు కాదని అనాలనిపించింది. ఆయన కళ్ళలోకి చూస్తూ అనలేకపోయాను.

"మొట్టమొదట అడిగినవాళ్ళే చెప్పేవాళ్ళు మాస్టారూ."

ఆయన తల ఊపారు. రిపోర్టు కింద ఆయన సంతకం కావాలి. కాగితం ముందు పెట్టి, ఇక్కడండీ అని వేలుతో చూపించాను. ఆయన పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఎన్నిసార్లు చూపించినా, నీళ్ళు నిండిన ఆ కళ్ళకి ఆ చోటు కనబడలేదు.