పట్టుబడ్డ ట్యాంకు ఈల

శత్రువులు బురదలో వదిలేసి పారిపోయిన ట్యాంకు మెట్ట కింద షెడ్డుకి వచ్చింది. మేస్త్రీ దాని ఇంజను విప్పి, కడిగి, బిగించి, నాలుగు పక్కలా తమ సైన్యం తెల్లగుర్తు బారెడేసి వేయించాడు. అంతవరకూ బాగానే ఉంది. దాన్ని నడపబోయేది ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ ఆయన అల్లుడు. అప్పట్నుంచి మేస్త్రీకి ముద్ద దిగలేదు.

శత్రువు గుండు భయం అందరికీ ఉన్నదే. మెట్ట మీది సొంత ఫిరంగులవాళ్ళ సంగతే ఆయన్ని తినేసింది. దుమ్ములో గుర్తు కనబడి చావదు. వాళ్ళు ముందు చప్పుడు వింటారు, అది తమ ట్యాంకులది కాదనిపిస్తే పేలుస్తారు. ఈ ట్యాంకేమో గుర్రుమంటూ మధ్యమధ్య ఈల వేస్తుంది. మరమ్మతు కొన్నాళ్ళు సాగదీయమని కూతురు బతిమాలింది. అలా చేస్తే ఇంతకంటే డొక్కుదిచ్చి పంపుతారని కసిరాడు.

చివరికి ఉపాయం తట్టింది. కొత్తకోడలిని ఇంటింటికీ తిప్పినట్టు, ఆ ట్యాంకుని ఫిరంగుల ముందు అల్లుడి చేత అటూ ఇటూ నడిపించాడు. అక్కడి పెద్ద గన్నరుని అందరూ బొంగురన్న అంటారు. మేస్త్రీకి పాత స్నేహితుడు, మాటిస్తే తప్పని మనిషి.

"ఈ ఈల గుర్తుపెట్టుకో. వినబడితే మా పిల్లాడని చెయ్యి ఆపు" అన్నాడు మేస్త్రీ.

"నీ అల్లుడు నాకు మాత్రం అల్లుడు కాదూ? నిశ్చింతగా పో" అన్నాడు బొంగురన్న.

మర్నాడు అల్లుడు ఆ ట్యాంకేసుకుని యుద్ధానికి వెళ్ళాడు. సాయంత్రం దుమ్ములోంచి ఈల వినిపించింది. బొంగురన్న లేచి చెయ్యి ఊపాడు. ఎవరూ పేల్చలేదు. అల్లుడు క్షేమంగా షెడ్డుకొచ్చి ఇంజను ఆపాడు. కూతురు మొగుణ్ణి పట్టుకుని ఏడ్చింది. హమ్మయ్య అనుకుని మేస్త్రీ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

లేచిన దుమ్ము ఇంకా అణగలేదు. అందులోంచి మళ్ళీ అదే ఈల వినిపించింది.

అల్లుడి ట్యాంకు కళ్ళెదుటే ఉంది. ఒక్క కర్మాగారంలో పుట్టినవన్నీ ఒకేలా ఈల వేస్తాయి. ఇంజన్లతోనే జుట్టు నెరిసిన మనిషికి, అల్లుడి బెంగలో పడి ఆ ముక్క తట్టనే లేదు.

గ్లాసు పారేసి మెట్టకేసి పరుగెత్తాడు. "అది మనది కాదు, పేల్చు, పేల్చు" అని గొంతు చించుకున్నాడు. అంత దూరం ఎక్కడ వినబడుతుంది?

పైన బొంగురన్న లేచి నిలబడి మళ్ళీ చెయ్యి ఊపాడు.