యాడి

తొమ్మిదింటికి మొదలుపెట్టిన గారెలు పన్నెండైనా తెమల్లేదు. గీతాంజలి వంటింట్లో సరోజ నూనె మూకుడు ముందు నిలబడే ఉంది. అమెరికాలో, ఫ్రిస్కోలోని ఆ ఇంట్లో ముప్పై మందికి భోజనాలంటే సాయానికి పిలిచేది ఆమెనే. డబ్బు మాట ఎవరూ ఎత్తరు. గీతాంజలి భర్త కంపెనీలోనే సరోజ భర్త నీరజ్ ఉద్యోగం. నీరజ్ వీసా పొడిగింపు కాగితాల మీద ఆయన సంతకం ఇంకా పడలేదు. గడువు మూడు వారాలే ఉంది.

పొద్దున కారు దిగే ముందు నీరజ్ ఐదేళ్ల కూతురు వేదకు మళ్లీ గుర్తు చేశాడు. అక్కడ మన మాట వద్దు, అమ్మా అనాలి, నాన్నా అనాలి. ఆ చెప్పడం కూడా తమ లంబాడీలోనే చెప్పాడు. ఇంట్లో వేదకు అమ్మ అంటే యాడి.

"ఇన్నాళ్లయినా మీ ఇంటిపేరు చెప్పలేదు సరోజా," అంది గీతాంజలి గారె కొరుకుతూ. "ఇంతకీ మీరేమిట్లు?"

"మాది మహబూబాబాద్ దిక్కండి."

"ఊరు కాదమ్మా నేనడిగింది! చెప్తే కొరుక్కు తింటానా ఏంటి?"

సరోజ మంట తగ్గించింది.

అప్పుడే పెరటివైపు అద్దాల తలుపు ధడాలున జారింది. వేద వేళ్లు మధ్యలో నలిగాయి.

"యా..."

పిల్ల అక్కడే ఆగిపోయింది. నీళ్లు నిండిన కళ్లతో, వంటింటి గుమ్మంలో ఉన్న తండ్రి వైపు చూసింది. గుటక మింగి, పాఠం అప్పజెప్పినట్టు, "అమ్మా" అంది.

నీరజ్ ముఖం తేలికపడింది. సరోజ రెండూ చూసింది.

చిన్నప్పుడు హాస్టల్లో జ్వరం వచ్చి యాడీ అని కలవరిస్తే తెల్లారి పిల్లలంతా వెక్కిరించారు. తెలుగులో ఏడవడం నేర్చుకోవడానికి ఆమెకు ఏడాది పట్టింది. వేదకు ఒక్క కారు ప్రయాణం చాలింది.

సరోజ పొయ్యి ఆపి, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. వేళ్లు ఊదుతూ లంబాడీలో మాట్లాడింది. గొంతు తగ్గించలేదు.

"అదేం భాషండీ?" అంది గీతాంజలి.

"హిందీ మేడమ్. డేకేర్‌ల..." అన్నాడు నీరజ్.

"హిందీ కాదు," అంది సరోజ, తల తిప్పకుండా. "లంబాడీ. మా ఇంటి మాట." మళ్లీ కూతురితో, అందరికీ అర్థమయ్యేలా తెలుగులోనే అంది. "నొప్పయితుంది గదా బిడ్డా. యాడీ అనే ఏడువు."

గీతాంజలి చేతిలో సగం కొరికిన గారె నోటికీ పోలేదు, పళ్లెంలోకీ దిగలేదు.

వేద ఏడవలేదు. కమిలిన వేళ్లు పట్టుకుని తండ్రి ముఖమే చూస్తోంది.