తూకం సరిపోయిన బండి

మూడోసారి కూడా బండి బాగుపడిందనే చెప్పాడు జయరాములు. తెల్లవారితే వేలూరులో ఇన్‌స్పెక్షను. మోటారు అధికారి ఎదుట బస్సు నడిచి చూపిస్తేనే గుడియాత్తం–వేలూరు లైనుకు మాకు లైసెన్సు. నడవకపోతే ఆ లైను రెండో అర్జీదారు సుబ్బరాయులుకు పోతుంది.

సుబ్బరాయులు ఎవరో చెప్పాలి. మాకు నూలు ఇచ్చేవాడు అతనే. మేము నేసిన లుంగీలు కొనేవాడూ అతనే. వాటిని వేలూరుకు తోలే ఎద్దుబండ్లు కూడా అతనివే, ఆ బాడుగ మా కూలిలోనే కోసుకునేవాడు. మా గుడ్డ వేలూరులో ఏ ధరకు పోతోందో మాకు తెలియకుండా చూసుకోవడం అతని వ్యాపారంలో సగం. అందుకని మా వీధి నేతగాళ్లం కూడి బస్సు కొన్నాం. ఎవరు ఏం అమ్మి తెచ్చారో ఇక్కడ రాయను. మా గుడ్డ మా బండిలో పోవాలి, మిగిలిన చోట జనం ఎక్కాలి. మేము కోరింది ఇంతే.

కొన్నది జయరాములు దగ్గర. వేలూరులో బస్సులమ్మే ఏజెంటు. ముందు అద్దాల గది, వెనక రిపేరు షెడ్డు. ఆర్కాడులో ఇంకో ఏజెంటు ఉన్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. అయినా అక్కడికి పోలేదు. జయరాములు మా వీధిలో పుట్టినవాడు. వాళ్ల నాయన మగ్గం గుంటలో కూర్చున్నచోటే ప్రాణం విడిచాడు. వాళ్లమ్మ కాంచనమ్మ ఇప్పటికీ మా వీధిలోనే నూలు కండెలు చుడుతోంది. కొడుకు వేలూరుకు రమ్మంటే పోలేదు. "ఆ అద్దాల ఇంట్లో వక్కాకు ఉమ్మేదానికి చోటు లేదు" అంటుంది. బేరం కుదిరిన రోజు ఆమే ముందుకొచ్చింది.

"నా కొడుకు మాటకు నేను పూచీ. బండి నిలిస్తే నన్నడగండి" అంది.

వీధి మొత్తం ఆ ఒక్క మాట మీద కొనింది.

బండి నిలిచింది. మొదటిసారి తోసుకుంటూ షెడ్డుకు తీసుకుపోతే, పెట్రోలులో నీళ్లు కలిశాయన్నాడు జయరాములు. రెండోసారి మా డ్రైవరు కన్నప్పది తప్పన్నాడు. "ఎద్దును అదిలించినట్ల అదిలిస్తే ఇంజను ఓర్చుకుంటాదా" అని పదిమందిలో వాడికి గడ్డి పెట్టాడు. కన్నప్ప మద్రాసులో నాలుగేళ్లు బండి తోలి వచ్చినవాడు. అయినా మేము కూడా కన్నప్పనే కోపంగా చూశాం, ఏజెంటును కాదు.

మూడోసారి, మ్యాగ్నెటో పోయిందన్నాడు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఇనుప పెట్టె అది. దాన్ని విప్పి మద్రాసుకు పంపాలన్నాడు.

"మన పెట్టె పోయి మన పెట్టే తిరిగొస్తాదని ఏం నమ్మకం?" అన్నాడు కన్నప్ప.

జయరాములు నవ్వాడు. "తూచి ఇయ్యండప్పా. తూచి తీసుకోండి. నూలుకు చేసేదే దీనికీ చేస్తాం."

ఆ మాటతో అందరం చల్లబడిపోయాం. నేతగాడికి తూకం కంటే పెద్ద సాక్షి లేదు. షావుకారు నూలు తూచి ఇస్తాడు, మేము గుడ్డ తూచి అప్పగిస్తాం, బరువు సరిపోతే ఎవరూ ఎవరినీ నోరెత్తి అడగరు. ఇంకే కంపెనీవాడు ఇలాంటి మాట చెబుతాడు? మనోడు కాబట్టి చెప్పాడు. పెట్టెను అతనే మా వీధికి పట్టుకొచ్చాడు. నూలు తూచే త్రాసులో పెట్టాం. ముల్లు నిలిచేదాకా కాంచనమ్మ కన్ను ఆర్పలేదు. కొన్నాళ్లకు పెట్టె తిరిగొచ్చింది, నల్లగా కొత్త రంగుతో. మళ్లీ తూచాం. వెంట్రుకవాసి తేడా లేదు. ఆడవాళ్లు జయరాములుకు దిష్టి తీశారు.

బండికి బిగించి, దాని చుట్టూ తీగ చుట్టి, ముద్ర కొట్టాడు జయరాములు. "ఈ ముద్ర తెగితే కంపెనీ పూచీ లేదు. ఎవరూ చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. పరుల మగ్గం మీద చెయ్యి వేయని జాతి మాది. సరేనన్నాం.

"ఇంజను శబ్దం మారింది" అన్నాడు కన్నప్ప.

"నీ చెవులు మారుండాయి" అన్నాడు మా వీధి నేతగాడు రంగప్ప. అందరం నవ్వాం.

ఇన్‌స్పెక్షను రోజు పొద్దున్నే బయలుదేరాం. బండికి పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. ముందు సీటులో డ్రైవరు పక్కన కాంచనమ్మ, ఉతికిన చీర, నోటినిండా వక్కాకు. పూచీ ఉన్న మనిషి ముందు కూర్చోవాలని వీధి పట్టుబట్టింది. వెనక పదిమందిమి. పళ్లికొండ దాకా బాగానే పోయింది. అక్కడ చిన్న మిట్ట ఎక్కుతూ రెండుసార్లు దగ్గింది. నిలిచింది.

హ్యాండిలు తిప్పాం. ఒకడి తరవాత ఒకడు భుజాలు పడిపోయేదాకా తిప్పాం. బండిలో ఉలుకు లేదు.

"కత్తి ఇయ్యండి. ముద్ర తెంచుతా" అన్నాడు కన్నప్ప.

"వద్దురా, పూచీ పోతాది" అన్నాడు రంగప్ప. "నడిచిపోయి జయరాములును పిలుచుకొస్తాం."

"ఆయన వచ్చేలోపల అధికారి ఇంటికి పోయి నిద్రపోతాడు."

వాదం ముదిరింది. కాంచనమ్మ కిందికి దిగి, వక్కాకు ఉమ్మేసి, "పూచీ నేను కదప్పా. తెంచు" అంది.

తెంచాడు. పెట్టె విప్పాడు. లోపల చూసి, మళ్లీ మూసేద్దామా అన్నట్టు కాసేపు ఆగాడు. తరవాత మా ముందు దుమ్ములో పెట్టాడు. మా పెట్టె కాదు అది. ఏదో పాతది, చీలింది, చీలిక మీద తారు పూసి రంగు వేశారు. అడుగున గిన్నెలో పాయసం పోసినట్టు సీసం కరిగించి పోశారు.

"ఏంది నాయనా అది?" అంది కాంచనమ్మ.

"సీసం అవ్వా."

"దేనికి?"

"తూకానికి."

గుడ్డకు గంజి ఎక్కువ పట్టించి బరువు నింపి, తగ్గిన నూలును దాచుకునే విద్య మా వీధిలో అందరికీ తెలుసు. షావుకారు మరీ పిండినప్పుడు మేమూ చేసినవాళ్లమే. అలాంటి మేము త్రాసు ముల్లు చూసి చేతులు జోడించాం.

ఒక రైతును బతిమాలి ఎద్దులు కట్టించాం. ఎద్దులు మోటారును లాగుతుంటే దారి పొడుగునా జనం ఒకటే నవ్వు. "పెట్రోలు తాగేవి ఏ ఎద్దులప్పా, ఎడమదా కుడిదా?" అని ఒకడు అడిగాడు. మేము తలెత్తలేదు. వేలూరు చేరేసరికి పొద్దు వాలింది. అధికారి వెళ్లిపోయాడు. సుబ్బరాయులు కొత్త బస్సు ఉదయమే నడిచి చూపించింది. అది జయరాములు అమ్మిందేనని అక్కడివాళ్లు చెప్పారు. లైను అతనికి రాసేశారు.

నేరుగా జయరాములు దుకాణానికి పోయాం. కన్నప్ప సీసం పెట్టెను అద్దాల గదిలో మేజా మీద ధన్‌మని పెట్టాడు. జయరాములు దాన్ని చూశాడు, తెగిన తీగను చూశాడు.

"ముద్ర ఎవరు తెంచమన్నారు?"

"మా పెట్టె యాడ?" అన్నాడు కన్నప్ప.

"ముద్ర తెంచినాక నన్ను అడిగేదానికి లేదు."

"సుబ్బరాయులుకు బస్సు ఎప్పుడు అమ్మినావు నాయనా?" రంగప్ప గొంతు ఇంకా మెత్తగానే ఉంది. జయరాములు ఏదో ఒకటి చెబుతాడని, అది నమ్మేయవచ్చని, అప్పటికీ చూస్తున్నాడు.

జయరాములు తలుపు వేయించాడు. కూర్చోమన్నాడు, ఎవరూ కూర్చోలేదు.

"దాచేదేముండాది. ఆయన బండికి ఓడలో రావాల్సిన మ్యాగ్నెటో రాలేదు. ఆయన ఆగే మనిషి కాదు. ఈ పొద్దు బండి నడవకుంటే బేరమే వద్దన్నాడు. మీది తీసి దానికి బిగిస్తి. ఆయన పరాయోడు, ఓర్చుకోడు. మీరు నా వాళ్లు. ఓర్చుకుంటారనుకుంటి. ఓడ రాగానే మీకు కొత్తది బిగించేవాణ్ణే."

"లైను పోయింది కదా" అన్నాడు కన్నప్ప.

"ఇంకో లైనుకు అర్జీ పెట్టండి. నేనే రాసిస్తా."

"త్రాసు నువ్వే చెప్పినావు కదరా" అన్నాడు రంగప్ప. ఈసారి గొంతు మెత్తగా లేదు. "తూచి తీసుకోండని నీ నోటితోనే చెప్పినావు."

"తూకం తగ్గిందా?" అన్నాడు జయరాములు. "గంజి పట్టించేది నాకు నేర్పింది మీ వీధే కదన్నా."

రంగప్ప చెయ్యి లేచింది. కాంచనమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, కొడుకు ఎదుటికి పోయి నిలబడింది.

"నేను పూచీ పడింది నీకు తెలుసునా?"

"తెలుసమ్మా."

"తెలిసే చేసినావా?"

"అమ్మా, ఇది వ్యాపారం. నీకు ఎక్కదు. పొద్దున్నుంచి ఏం తిన్నావో ఏమో, లోపలికి రా. అన్నం తిను."

"వీళ్లంతా నా మాట మీద వచ్చినోళ్లు. వీళ్లకు పెట్టే అన్నం ఉండాదా?"

జయరాములు మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. దుమ్ము కొట్టుకుపోయిన పదిమంది.

"ఇంతమందికి ఇప్పుడు యాడ వండేదమ్మా" అన్నాడు.

ఆమె బయటికి నడిచింది. వెనకనుంచి పిలిచాడు, ఆగలేదు. పెట్టెను కన్నప్ప తీసుకోబోతే జయరాములు అడ్డం వచ్చి, అది కంపెనీ సామాను అన్నాడు. లాక్కుంటే పోలీసులను పిలుస్తానన్నాడు. దొంగ పెట్టె కూడా అతనిదేనంట. వదిలేసి వచ్చాం.

రాత్రికి బస్సులోనే పడుకున్నాం. పొద్దున్నే ఎద్దులు కట్టుకుని ఇంటిదారి పట్టాం. కాంచనమ్మ బండి ఎక్కనంది. చచ్చినదాన్ని లాగే ఎద్దులకు తన బరువు కూడా ఎందుకని నడిచింది. మేమూ నడిచాం. ఎండ ఎక్కింది. ఎవరింట్లో వాళ్లకు మగ్గం మీద సగంలో ఆగిన నేత, ఇయ్యాల్సిన గుడ్డలు గుర్తొస్తున్నాయి. ఆ గుడ్డ పోవాల్సింది మళ్లీ సుబ్బరాయులు గుమ్మానికే.

వేలూరు దాటిన కాసేపటికి వెనకనుంచి హారన్ మోగింది. సుబ్బరాయులు బస్సు, మొదటి నడక, ముందు పూలదండ. ఇంజను శబ్దం విని కన్నప్ప రోడ్డు మధ్యలో నిలిచిపోయాడు. ఆ శబ్దం వాడికి తెలుసు. వాడిని పక్కకు లాగాల్సి వచ్చింది.

బస్సు మా పక్కన ఆగింది. కండక్టరు తల బయటపెట్టాడు.

"కాంచనమ్మ ఎవరు? జయరాములన్న చెప్పినాడు. ఎక్కు అవ్వా, నీకు టికెట్టు అక్కర్లేదు."

ఆమె నడక ఆపలేదు. "ఆ బండిలో ఉండేది మా వీధి ప్రాణం నాయనా. దాని మీద కూర్చునేదానికి నాకు కాళ్లు రావు. పో" అంది.

కండక్టరుకు అర్థం కాలేదు. "ఇంకెవరన్నా ఎక్కుతారా?" అని అరిచాడు.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రంగప్ప కాసేపు కాళ్ల వైపు చూసుకున్నాడు. అతని మగ్గం మీద గుడ్డ ఆ సాయంత్రానికి దిగాలి, లేకపోతే నూలు ఆగిపోతుంది. పోయి ఎక్కాడు. అతని వెనక ఇంకో ముగ్గురు ఎక్కారు. కాంచనమ్మ చూసి, తన నడక సాగించింది.

ఆ నలుగురి దగ్గర కండక్టరు టికెట్టు వసూలు చేసి, రైట్ అన్నాడు.