ఒక్క పేరు తీసేస్తే

యాష్ నగరంలోని విశ్వవిద్యాలయంలో ఆ పెద్ద కంప్యూటర్ మహా మొండిఘటం. ఒక్క విద్యార్థిని చేర్చాలన్నా, ఒక్కరి పేరు తీసెయ్యాలన్నా ఖాతాల జాబితా మొత్తం మొదటినుంచి చివరిదాకా తిరగరాస్తే గానీ దానికి మనసొప్పదు. ఖాతాలా, వేలకు వేలు. బయట వరండాలో ఖాతాల కోసం వచ్చిన కొత్త పిల్లలు కొవ్రిగి రొట్టెలు కొరుక్కుంటూ, గొణుక్కుంటూ నిలబడ్డారు.

దాని ఆలనాపాలనా చూసేది స్మరాండ. ఆమె పై అధికారి హత్సెగాన్ పొద్దున్నే వచ్చి, చనిపోయినవాళ్ల ఖాతాలన్నీ కలిపి ఒకే దెబ్బకు తీసిపారెయ్యమన్నాడు. అలా చేస్తే తిరగరాత ఒక్కసారితో పోతుంది, జాబితా కూడా తేలికవుతుంది. మాట సబబే. కానీ ఆ పోయినవాళ్లలో జంఫీర్ మాస్టారున్నారు. ఈ పని ఆమెకు చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే. మొన్న వసంతంలో పోయారు. ఆయన్ని కూడా గుంపులో కలిపి ఊడ్చెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. ముందు తీసెయ్యమని ఆయన పేరొక్కటే ఇచ్చి మీట నొక్కేసింది.

హత్సెగాన్ ఊరుకుంటాడా? "మతి పోయిందా అమ్మాయ్? అంతమందిని బయట నిలబెట్టి, ఒక్క మనిషి కోసం ఇంత తతంగమా?" అని మండిపడ్డాడు. ఆమె యంత్రం రాస్తున్న పేర్లు తెరమీద కనబడేలా చేసి పక్కకు జరిగింది.

పేర్లు కదిలాయి. పిల్లలు, పంతుళ్లు, వంటశాల వాళ్లు, ఏనాడో చదువు ముగించి వెళ్లిపోయినవాళ్లు. ఎంతసేపటికీ తరగడంలేదు. స్మరాండ తెరకు దగ్గరగా వంగింది. ఇన్నేళ్లూ నత్తనడకని తను తిట్టుకున్న పని ఇదా! ఒక మనిషి వెళ్లిపోతే, మిగిలిన అందరినీ మళ్లీ మొదటినుంచి రాయాలన్నమాట, ఆయన లేకుండా.

"చర్చిలో ఫాదర్ పోయినవాళ్ల పేర్లు చదువుతున్నట్టుంది" అన్నాడు హత్సెగాన్, గొంతు తగ్గించి. ఎప్పుడు తీశాడో, టోపీ చేతిలో ఉంది. జంఫీర్ మాస్టారు ఉండాల్సిన చోట అటూ ఇటూ పేర్లు దగ్గరికి జరిగి వచ్చేశాయి. ఆమె కళ్లు తుడుచుకుంది.

తిరగరాత ముగిసింది. మిగతావి ఒక్కసారే తీసెయ్యనా సార్ అని అడిగింది.

"తియ్యమ్మా. మా ఆవిడ లుక్రేత్సియాది మాత్రం ఉంచు" అన్నాడు. "అది నేను తీస్తాను, విడిగా."

బయటినుంచి పిల్లలు తలుపు కొట్టారు. హత్సెగాన్ వెళ్లి, ఇంకాసేపు ఆగండర్రా అని చెప్పి వచ్చి యంత్రం ముందు కూర్చున్నాడు.