అమ్మ సీసాలోని అలసందలు

కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందు నా చేతిలో ఉన్న అసలు సరుకు ఒక గాజుసీసాడు అలసందలు. తీరానికి ఆనుకునున్న మా సెయింట్ హెలీనా దీవిలో మా అమ్మా, ఆమె తల్లీ ఏటేటా విత్తి కాపాడిన జాతి అది. రెండు తుఫాన్లకు సముద్రం మా చేలోకొచ్చింది. ఆ ఉప్పు విరగడానికి ఆరేళ్ళు పట్టింది. ఈలోగా అమ్మ పోయింది. ఇప్పుడు చేను సిద్ధంగా ఉంది, విత్తనం బతికుందో లేదో తెలియదు.

నాది విత్తనాల కొట్టు. ఎవరి గింజలైనా తడిగుడ్డలో చుట్టి, మొలక చూసి ధర చెబుతాను. ఈ సీసా మూత మాత్రం తియ్యలేదు. చచ్చినవని తేలితే ఆ ఖాతా మూసెయ్యాలి.

నా భార్య బైనా ఆ మూత తీసింది.

"సగం వండుతున్నా."

"అవి విత్తనాలు."

"ఆరేళ్ళుగా అదే మాట. మొలిచేవైతే సగం చాలు. మొలవనివైతే సీసాతోపాటు నిన్నూ పాతిపెడతాం. పోయినేడు బజారులో కొన్న గింజలు వండితే ఆ ముసలావిడ కంచం పక్కకి జరిపింది. పెద్దమ్మ నీకు, సిగ్గు నాకు."

ఆ ముసలావిడ మా అమ్మకు అక్క, టైరా పెద్దమ్మ. ఏడాది మొదటి రోజు మా నేల అలసందలన్నం తినకపోతే ఆమెకు ఏడాది మొదలైనట్టు కాదు. పావు వంతు వండమని బేరమాడాను. బైనా సగం దగ్గర కదల్లేదు.

ఆ రాత్రి నానబోసింది. మర్నాడు పొద్దున్న నీళ్ళు వంపి, తడిగుడ్డ కప్పి, చోటులేక హీటరు పక్కన పెట్టింది. సాయంత్రం చర్చిలో ప్రార్థన అయ్యేసరికి పోటునీళ్ళు దారిని ముంచేశాయి. పెద్దమ్మ ఇంట్లోనే ఆగిపోయాం.

కొత్త సంవత్సరం రోజు మధ్యాహ్నానికి ఆమెను వెంటబెట్టుకుని ఇల్లు చేరాం. బైనా గుడ్డ తీసి అలాగే నిలబడిపోయింది. పులిసిపోయాయనుకుని వంగి చూశాను. ప్రతి గింజకూ నల్లకన్ను పక్కన తెల్లటి మొన, బియ్యపు నూకంత. గిన్నె నిండా అవే. ఆరేళ్ళు గాజులో ఊపిరి బిగబట్టిన గింజలు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"పాడుచేశానా, పెద్దమ్మా?" అంది బైనా.

"పాడేంటే పిల్లా? నిద్రలేచాయి. పొయ్యి వెలిగించు."

"మట్టిలో పెట్టొద్దూ?" అన్నాను.

"ఈ చలికి, జనవరి మట్టిలోనా? వీడి దగ్గర విత్తనాలు కొనేవాళ్ళు కూడా ఉన్నారా?"

పొగబెట్టిన పంది ఎముక, ఉల్లిపాయ వేసి ఉడికించి, ఆ ఎర్రటి నీళ్ళలోనే బైనా బియ్యం పోసింది. నేను మూత మీద చెయ్యి వెయ్యగానే పెద్దమ్మ చేతికర్రతో వేళ్ళ మీద తట్టింది. చివరికి బైనా మూత తీస్తే, వచ్చిన వాసన అమ్మ వంటింటిదే.

పెద్దమ్మ మెతుకు మిగల్చకుండా తింది. మళ్ళీ వడ్డించమని కంచం ముందుకు తోసింది.

సాయంత్రానికి లెక్క తేలింది. సగం సీసా ఖర్చు. మిగిలిన సగంలో ప్రాణం ఉంది, మే నెలలో రెండు సాళ్ళకు సరిపోతుంది. పెద్దమ్మకు ఏడాది మొదలైంది.